దేశాంతర విశేషములు: డెల్ఫ్టు పట్టణమున నలుగురు స్త్రీలు

మన యిండ్లలో అలమారు పై అఱలోనో, దేవుని గది ప్రక్క గూటిలోనో, తెల్లని మేనిపై నీలిపూవులు వ్రాసిన పింగాణి పళ్లెమొకటి యుండుట అరుదు కాదు. పండుగనాడు దానిని దించి, తుడిచి, మరల పైన పెట్టుదుమే కాని, ఈ తెలుపుపై ఈ నీలము వ్రాయు నేర్పు ఏ యూరిదో, దాని వెనుక ఎవరి కాపురములున్నవో విచారించువారము కాము. చీనాదేశము ఈ విద్యకు పుట్టినిల్లు. పడమటి దేశములలో దీనికి పేరు తెచ్చిన పట్టణము హాలెండునందలి డెల్ఫ్టు. ఈ మాసము ఆ పట్టణమును గూర్చి ముచ్చటింప దలంచితిని.

నేనా పట్టణమును కన్నులార చూచినదానను కాను. చదివిన చరిత్రలే నాకు ఆధారము. అట్లు చదువుచుండగా నాకొక విషయము తోచినది. డెల్ఫ్టు చూడబోవువారికి అచ్చటివారు ముగ్గురు నలుగురు మహాపురుషుల సమాధులను, విగ్రహములను చూపుదురు. ఆ పురుషులలో ప్రతివాని వెనుకను ఒక స్త్రీ కష్టము కలదు. ఊరిని చూపుచు వారి కథలను కూడ చెప్పెదను.

డెల్ఫ్టు పట్టణము హేగు నగరమునకును రాటర్‌డామునకును నడుమ నున్నది. ఇప్పటి జనసంఖ్య లక్షకు కొంచెము పైమాట. నేల మిక్కిలి పల్లము. నీరు పోవుటకు కాలువలు త్రవ్విననే గాని అచ్చట కాపురము పొసగదు. ఊరి పేరునకే డచ్చిభాషలో "త్రవ్వినది" యని యర్థము. పాత కాలువయే నేటికిని "పాత డెల్ఫ్టు" అను పేర ఊరి నడుమ పాఱుచున్నది. కాలువకు ఇరుగట్లను చెట్లు, చెట్ల వెనుక ఇటుకయిండ్లు, ఇంటింటికి పోవుటకు చిన్న వంతెనలు. కోనసీమ కాలువగట్లపై పెరిగిన సోదరీమణులకు ఈ యూరు పరాయిదిగ తోచదని నా నమ్మకము.

1246 వ సంవత్సరమున హాలెండు ప్రభువగు రెండవ విలియము దీనికి పట్టణపు హక్కుల నిచ్చెను. బట్టల నేతయు, బీరుసారాయము కాచుటయు తొలినాటి వృత్తులు. ఈ పట్టణము రెండు మహావిపత్తులను చూచినది. 1536 లో అగ్నిప్రమాదమున ఊరిలో పెద్ద భాగము కాలిపోయెను. 1654 అక్టోబరు 12 వ తేదీన పూర్వము సన్యాసినుల మఠముగా నుండిన చోట దాచిన తుపాకిమందు అంటుకొని ప్రేలెను. అచ్చట నిలువ యున్న మందు సుమారు తొంబదివేల పౌనులు. వీధులకు వీధులు నేలమట్టమయ్యెను. నూఱుమందికి పైగా మరణించిరి. వారిలో కారెల్ ఫాబ్రీషియస్ అను ముప్పదిరెండేండ్ల చిత్రకారుడు ఒకడు. గొలుసుతో కట్టిన చిన్నపిట్టను ఆ యేడే అతడు చిత్రించి యుండెను. ఆ చిత్రము నేడు హేగు నగరమునందలి మౌరిట్స్‌హౌస్ చిత్రశాలలో కలదు.

డెల్ఫ్టునకు మనకు గల సంబంధము కొంత చెప్పవలెను. 1602 లో డచ్చివారు తూర్పు ఇండియా కంపెనీని స్థాపించినపుడు దానికి ఆఱు పట్టణములలో ఆఱు శాఖ లేర్పఱచిరి. డెల్ఫ్టు శాఖ వానిలో ఒకటి. ఆ కంపెనీవారే 1605, 1606 సంవత్సరములలో గోల్కొండ సుల్తానుల యేలుబడిలోని మచిలీపట్టణమున దిగి కోఠీ తెఱచిరి. పిమ్మట పాలకొల్లు, భీమునిపట్టణము, కాకినాడ చెంతనున్న జగన్నాథపురము మున్నగు చోట్ల వర్తకము సాగించిరి. వారికి కావలసినవి మన నేతబట్టలు, చిరివేరు ఎఱ్ఱరంగుతో అద్దిన కలంకారి గుడ్డలు. ఆ గుడ్డలను తూర్పుదీవులకు గొనిపోయి వానికి బదులు జాజికాయ, లవంగము, మిరియము తెచ్చుకొనిరి. హాలెండు స్త్రీలును మన అద్దకపు గుడ్డలతో రవికెలు, లంగాలు కుట్టించుకొనిరి. ఈ వర్తకమునకు చీకటి ముఖమును కలదు. కఱవు కాలములందు తూర్పుతీరమున కడుపుకూటికై అమ్ముడుపోయిన జనులను ఆ కంపెనీవారు బానిసలుగ కొని బటావియాకు ఓడలపై తరలించిరి. బందరులోను, భీమునిపట్టణములోను డచ్చివారి సమాధులు నేటికిని నిలిచి యున్నవి. ఆ రాళ్లపై పేర్లున్నవి. ఓడలెక్కిన మనవారి పేర్లు మాత్రము ఏ రాతిపైనను లేవు.

ఇక పట్టణములోనికి పోవుదము. ఊరి నడుమ విశాలమైన సంతమైదానము కలదు. గురువారము గురువారము అచ్చట సంత కూడును. ఒక కొనను పురమందిరము, రెండవ కొనను "క్రొత్త చర్చి". పేరు క్రొత్తదే కాని దాని గోపురము కట్టుట 1396 లో మొదలిడి 1496 లో ముగించిరి. ఎత్తు సుమారు 109 మీటర్లు. ఆ దేశమున ఉట్రెక్టు గోపురము తర్వాత దీనిదే యెత్తు. 376 మెట్లెక్కిన వారికి హేగు, రాటర్‌డాము నగరములు రెండును కనబడునందురు. మోకాళ్లనొప్పులు గలవారు క్రిందనుండియే నమస్కరించి లోనికి పోవచ్చును.

లోపల చలువరాళ్లతోను కంచుతోను కట్టిన గొప్ప సమాధి కలదు. అది ఆరెంజి ప్రభువగు విలియమునది. డచ్చివారు అతనిని దేశపితయని కొలుతురు. స్పెయినురాజగు రెండవ ఫిలిప్పు నిరంకుశత్వమునకు ఎదురు తిరిగి స్వాతంత్ర్య సమరమున జనులకు నాయకుడయిన వాడతడు. 1580 లో ఫిలిప్పు రాజు అతని తలకు 25,000 బంగారు నాణెముల వెల కట్టెను. విలియము ఆ కాలమున డెల్ఫ్టులో ఒక పాత మఠమును నివాసముగ చేసికొని యుండెను. 1584 జూలై 10 వ తేదీన మధ్యాహ్న భోజనము ముగించి మేడ మెట్లకడకు రాగా, బల్తజార్ జెరార్డు అనువాడు రహదారిచీటి నెపమున వచ్చి దగ్గఱనుండి పిస్తోలుతో కాల్చెను. ప్రభువు కొలది క్షణములలో ప్రాణములు విడిచెను. గుండ్లు తగిలిన గోడ గుంటలను అచ్చట నేటికిని చూపుదురు.

ఈ కథ పాఠశాలల పిల్లలు కూడ చదువుదురు. ఆ భోజనపు బల్లయొద్ద కూర్చున్న అతని భార్య లూయీజ్ ద కొలిన్యీ కథ తెలిసినవారు తక్కువ. ఆమె ఫ్రాన్సుదేశపు నౌకాధిపతి గాస్పారు ద కొలిన్యీ కూతురు. 1572 ఆగస్టు 24 వ తేదీన పారిసు నగరమున ప్రొటెస్టంటులను ఊచకోత కోసినపుడు ఆమె తండ్రియు, క్రొత్తగా పెండ్లాడిన భర్తయు ఒకే దినమున హతులైరి. అప్పటి కామెకు పదునాఱేండ్లు. పదునొకండేండ్ల పిమ్మట, 1583 లో విలియము ప్రభువును వివాహమాడి డెల్ఫ్టునకు వచ్చినది. 1584 జనవరిలో కొడుకు పుట్టెను. ఆ జూలైలోనే, ఆ పసివానికి ఆఱవ నెల నడచుచుండగా, రెండవ భర్తయు హంతకుని చేత కూలెను. హంతకుని ముఖము చూచి ఆమె అనుమానించి వీడెవ్వడని భర్తను ముందే అడిగెనని చరిత్రకారులు వ్రాసిరి.

భారతమున ఉత్తరను తలపని వారెవ్వరు? అయిననేమి, ఉత్తరకు పాండవులున్నారు, శ్రీకృష్ణుడున్నాడు. ఈ ఫ్రెంచి పడతికి పరాయిదేశమున దిక్కెవ్వరును లేరు. భర్త దేశమునకై సర్వస్వము ఖర్చుచేసి అప్పులనే మిగిల్చెను. ఆమె పాలకసభలకు ఉత్తరములు వ్రాసి, మనవులు చేసి, తన జీవనభృతిని సాధించుకొనవలసి వచ్చినది. తన కొడుకును పెంచుకొనుటయే కాక, చనిపోయిన సవతి కూతుండ్రను పలువురిని చేరదీసి తల్లి వలె పెంచి పెండ్లిండ్లు చేసినది. ఆ కొడుకే ఫ్రెడరిక్ హెండ్రిక్కు. 1625 నుండి 1647 వఱకు దేశమును నడపిన ప్రభువు. 1620 లో ఫ్రాన్సునందు ఆమె కన్ను మూయగా, దేహమును డెల్ఫ్టునకు తెచ్చి క్రొత్త చర్చి నేలమాళిగలో పెట్టిరి. పైన చలువరాతిపై పరుండిన విగ్రహము భర్తది. ఆయన పాదములకడ పెంపుడుకుక్క విగ్రహము కూడ కలదు. యజమాని పోయిన పిదప అది అన్నమునీళ్లు ముట్టక చచ్చెనని లోకులు చెప్పుకొందురు. కుక్క కథ అందఱకు తెలియును!

విలియమును డెల్ఫ్టులో సమాధి చేయుటకు కారణము గమనింపదగినది. ఆయన వంశపు సమాధులు బ్రెడా అను ఊర నుండెను. ఆ యూరప్పుడు స్పెయినువారి చేతిలో నుండుటచే దేహమును అచ్చటికి గొనిపోవుట సాధ్యము కాలేదు. దైవికముగ నడచిన ఆ పనియే ఆచారముగ మారినది. నాటినుండి ఆ వంశపు రాజులను రాణులను డెల్ఫ్టులోనే నిక్షేపించుచున్నారు. విల్హెల్మినా రాణిని 1962 లోను, జులియానా రాణిని 2004 లోను అచ్చటనే ఉంచిరి.

చర్చి బయటకు వచ్చినంతనే సంతమైదానమున నిలువెత్తు విగ్రహము కనబడును. అది హ్యూగో గ్రోషియస్ అను పండితునిది. 1886 లో నిలిపిరి. 1583 లో ఈ యూరనే పుట్టి, బాల్యముననే మహావిద్వాంసుడని పేరొందిన వాడు. సముద్రము ఎవ్వరి సొత్తును కాదని, ఎల్ల జాతులకును ఓడలు నడపు హక్కు కలదని 1609 లో ఒక గ్రంథము ప్రకటించెను. అది డచ్చి కంపెనీ పక్షమున వాదించుటకై వ్రాసినదే. పోర్చుగీసువారి యెదుట సముద్రము అందఱిదియని వాదించిన ఆ కంపెనీయే తాను బలపడిన పిమ్మట ఇతరులను ఆ నీటిలోనికి రానీయలేదు. వాదమొకటి, వర్తక మొకటి.

గ్రోషియస్ రాజకీయ మత వివాదములలో చిక్కుకొనగా 1619 లో అతనికి యావజ్జీవ కారాగారము విధించి లోవెస్టైను కోటలో బంధించిరి. భార్య మరియా వాన్ రైగర్స్‌బెర్గ్ భర్తతోకూడ చెఱలో నుండుటకు అనుమతి తెచ్చుకొన్నది. పండితునకు పుస్తకములు లేనిదే ప్రొద్దు పోదు గదా! స్నేహితులు పెద్ద పెట్టెలో పుస్తకములు పంపుచు, చదివినవానిని మైలబట్టలతో కూడ తిరిగి తెప్పించుకొనుచుండిరి. మొదట కావలివారు ఆ పెట్టెను ప్రతిమాఱును తెఱచి చూచిరి. పుస్తకములు, బట్టలు తప్ప వేఱేమియు లేకుండుటచే క్రమముగ చూచుట మానిరి. ఈ మాట పండితుని కంటికి కనబడలేదు. ఇల్లాలి కంటికి కనబడినది.

ఆమె భర్తను ఆ పెట్టెలో ముడుచుకొని పరుండబెట్టి, ఊపిరి నిలుచునో లేదోయని మాటిమాటికి అభ్యాసము చేయించినది. 1621 మార్చి 22 వ తేదీన అతనిని పెట్టెలో నుంచి మూత వేసినది. ఎల్స్యే అను దాసిపిల్ల పెట్టెతో పడవ యెక్కినది. ఇంత బరువేమని భటులడుగగా పుస్తకముల బరువని చెప్పిరట. ఆ పిల్ల బెదరక, తడబడక, ఖోరిఖెమ్ అను ఊరి స్నేహితుల యిల్లు చేర్చినది. అచ్చటినుండి గ్రోషియస్ తాపీపనివాని వేషమున, చేత కొలబద్ద పట్టుకొని, దేశము దాటి పారిసు చేరెను. భార్య మాత్రము చెఱలోనే నిలిచి, భర్తకు జబ్బుగ నున్నదని చెప్పి కాలము గడపినది. నిజము బయటపడిన పిదప ఆమెను కొన్నాళ్లు నిర్బంధించి విడిచిపెట్టిరి.

సావిత్రి మాటలతో యముని గెలిచినది. ఈమె పెట్టెతో కోటను గెలిచినది. ఆ పండితుడు 1625 లో యుద్ధధర్మములను శాంతిధర్మములను నిరూపించుచు ప్రకటించిన గ్రంథము నేటి అంతర్జాతీయ న్యాయశాస్త్రమునకు పునాదులలో ఒకటి. ఆ నాడు పెట్టె మూత వేయు ధైర్యము భార్యకు లేకున్న, ఆ గ్రంథము ఏ రూపమున వెలువడునో, అసలు వెలువడునో లేదో! ఆ పెట్టె మాదియే యని మూడు చోట్లవారు నేటికిని వాదించుచున్నారు: డెల్ఫ్టులోని ప్రభుమందిరమువారు, ఆమ్‌స్టర్‌డామునందలి రైక్స్ మ్యూజియమువారు, లోవెస్టైను కోటవారు. పెట్టె కొఱకు ఇంత పోటీ యున్నది. మూత వేసిన చేతిని ఎవ్వరు తమదని చెప్పుకొందురు?

ఇక "పాత చర్చి"కి పోవుదము. దీని గోపురము 75 మీటర్ల యెత్తు. అది నిటారుగ నిలువక సుమారు రెండు మీటర్లు ఒరిగి యున్నది. కాలువను ప్రక్కకు మరల్చి, పూడ్చిన మెత్తని నేలపై పునాది వేయుటయే దీనికి కారణము. ఈ గోపురమున 1570 లో పోతపోసిన దాదాపు తొమ్మిది టన్నుల గంట కలదు. రాజవంశీయుల అంత్యక్రియల వంటి దినములందు మాత్రమే దానిని మ్రోగింతురు.

ఈ చర్చి నేలలో యోహానెస్ వెర్మీర్ అను చిత్రకారుడు నిద్రించుచున్నాడు. 1632 లో డెల్ఫ్టులో పుట్టి, 1675 లో నలుబదిమూడవ యేట డెల్ఫ్టులోనే చనిపోయెను. అతనివని నేడు తెలిసిన చిత్రములు ముప్పదియైదు, ముప్పదియాఱునకు మించవు. వానిలో పెక్కింటియందు ఇంటిలోపలి స్త్రీలే కనబడుదురు. ఒకతె ఉత్తరము చదువును. ఒకతె లేసు అల్లును. ఒకతె కుండనుండి పాలు వంచును. పాలు వంచు పనికత్తె చిత్రమును చూచితిరా? ఎడమవైపు కిటికీనుండి వెలుతురు, బల్లపై రొట్టెలు, ఆమె నడుమున నీలిగుడ్డ, గోడ అడుగున వరుసగ డెల్ఫ్టు నీలిపలకలు. పాలధార తప్ప ఆ గదిలో మఱేదియు కదలదు. పని చేసికొను ఆడుదానిని అంత గౌరవముతో చూచిన చిత్రకారులు లోకమున అరుదు.

అట్టి చిత్రములు వ్రాసినవాని యింట జరిగిన దేమి? అతని భార్య కాథరీనా బోల్నెస్. 1653 లో వివాహము. బ్రతికిన బిడ్డలు పదునొకండుగురు. కాపురము ఆమె తల్లి మరియా తిన్స్ ఇంటిలో. 1672 లో ఫ్రెంచివారు హాలెండుపై దండెత్తిన పిమ్మట చిత్రములు కొనువారు లేకపోయిరి. వెర్మీర్ తన చిత్రములను అమ్ముకొనలేడు. తాను వ్యాపారమునకై కొనియుంచిన ఇతరుల చిత్రములును అమ్ముడుపోలేదు. బిడ్డల భారము, రాబడి లేమి మనస్సును కుంగదీయగా ఒకటిన్నర దినములో ఆరోగ్యవంతుడు మృతుడయ్యెనని కాథరీనా తర్వాత న్యాయస్థానమునకు విన్నవించుకొన్నది.

ఆ యింటికి రొట్టెలు పోయు దుకాణదారునకు బాకీ 617 గిల్డరులు. నేర్పరియగు పనివాడొకడు రెండేండ్లు పాటుపడి యార్జించు సొమ్మది. ఆ బాకీక్రింద కాథరీనా భర్త వ్రాసిన రెండు చిత్రములను రొట్టెలవాని కిచ్చివేయవలసి వచ్చినది. అంచెలుగ బాకీ తీర్చిన చిత్రములు తిరిగి యిచ్చునట్లు వ్రాయించుకొన్నదే కాని తీర్చుట ఆమె వలన కాలేదు. భర్తకు మిక్కిలి ప్రియమైన మఱియొక చిత్రమును అప్పులవారి బారి పడకుండ తల్లి పేర వ్రాయించి కాపాడ జూచినది. అదియు నిలువలేదు. 1687 చివర ఆమె మరణించినది. అంతకు నూటతొంబది యేండ్లు దాటి, 1881 లో, వెర్మీర్ వ్రాసిన ముత్యపు కమ్మల చిన్నదాని చిత్రము హేగు నగరమున వేలమునందు రెండు గిల్డరులకు అమ్ముడుపోయెను. నేడు దానికి వెలకట్టగలవారు లేరు.

ఈ రొట్టెల బాకీ చదివినపుడు నాకు మా వీధి చిల్లరదుకాణపు పద్దుపుస్తకము జ్ఞప్తికి వచ్చినది. ఒక యేడు మావారికి జీతము మూడు నెలలు నిలిచిపోగా ఆ పుస్తకమున నా పేర అంకెలు పెరుగుచుండుట చూచి రాత్రులు నిద్ర పట్టెడిది కాదు. నేను నెలకొక సారి ఆ పుస్తకము తెప్పించి కూడికలు సరిచూచుకొనుట అప్పుడు మొదలు పెట్టినది, నేటికిని మానలేదు. కాథరీనా అప్పుల లెక్కలన్నియు భర్త పోయిన నాడే ఆమె నెత్తిపై పడినవి. మహాకళాకారుని యిల్లాలికైనను బడిపంతులు భార్యకైనను పప్పుఉప్పుల లెక్క ఒక్కటియే.

వెర్మీర్ ఆస్తివ్యవహారములు చక్కబెట్టుటకు 1676 లో పట్టణాధికారులు నియమించిన పెద్దమనిషి మఱెవ్వరో కాదు: సూక్ష్మజీవులను మొట్టమొదట కన్న ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్. అతడును 1632 లో డెల్ఫ్టులో పుట్టినవాడే. బట్టల వర్తకుడు. నూలుపోగుల నాణ్యము చూచుటకు వర్తకులు వాడు బూతద్దము అతని చేతిలో కొత్త శాస్త్రమునకు ద్వారమైనది. తానే అద్దములు అరగదీసి, నీటిబొట్టులోను, పంటిగారలోను మెదలు సూక్ష్మప్రాణులను చూచి లండను రాయల్ సొసైటీవారికి ఉత్తరములు వ్రాసెను. విశ్వవిద్యాలయపు చదువు గాని, లాటినుభాష గాని అతనికి లేవు. ఇంటియొద్ద చదువుకొన్న సోదరీమణులు ఇది గమనింతురు గాక!

అతడు తొంబదియేండ్లు జీవించి 1723 లో మరణించెను. భార్యలిరువురును ముందే గతించిరి. బిడ్డలలో మిగిలినది మరియా అను కూతురొకతెయే. ఆమె పెండ్లి చేసికొనక తుదివఱకు తండ్రి యిల్లు నడపి, తండ్రిని కనిపెట్టుకొని యున్నది. తండ్రి కోరినట్లు, ఇరువదియాఱు వెండి సూక్ష్మదర్శినులు గల పెట్టెను రాయల్ సొసైటీకి పంపినది. పాత చర్చిలో తండ్రికి స్మారకచిహ్నము కట్టించినది ఆమెయే. 1745 లో తానును ఆ ప్రక్కనే ఒరిగినది. ఆమె కాచిన యింటిలోనే ఆయన కాంచిన లోకము వెలసినది.

ఇక నీలిపింగాణి సంగతి. కంపెనీ ఓడలు చీనాపింగాణిని హాలెండునకు తెచ్చుటతో ధనికుల యిండ్లలో దానిపై మోజు పుట్టెను. 1644 లో చీనాలో మింగు వంశము కూలి అంతర్యుద్ధము చెలరేగగా ఆ సరకు వచ్చుట తగ్గిపోయెను. డెల్ఫ్టు కుమ్మరులు ఆ సమయము నెఱిగి, చీనాపనిని చూచి తామును అట్టివి చేయ మొదలిడిరి. అప్పటికి ఊరిలో బీరు కాచు వృత్తి సన్నగిల్లి పెద్ద పెద్ద కొట్లు ఖాళీపడి యుండెను. కుమ్మరులు వానిలో ఆవములు పెట్టిరి. ఆ శతాబ్దాంతమునకు ముప్పదికి పైగా కార్ఖానాలు పనిచేసెను. సంఘనియమముల ప్రకారము, యజమాని చనిపోయినచో అతని వితంతువు కార్ఖానాను నడపుకొనవచ్చును. అట్లు నడపి పేరు నిలిపిన స్త్రీలు ఆ యూర నుండిరి.

నిజమునకు డెల్ఫ్టుది చీనాపింగాణి కాదు. అది మట్టిపాత్రయే. పాత్రను మొదటి సారి కాల్చి, తగరము కలిసిన తెల్లని పూతలో ముంచుదురు. ఆఱిన పూతపై కోబాల్టు రంగుతో బొమ్మ వ్రాయుదురు. వ్రాయునపుడు ఆ రంగు నల్లగ, బూడిదవన్నెగ నుండును. మరల ఆవములో కాల్చిన పిదపనే నీలము తేలును. వ్రాయువారు కానరాని నీలమును మనస్సున నూహించుకొని కుంచె నడపవలెను. పూత తడిని పీల్చును గాన తప్పు వ్రాసిన చెఱపుట కుదరదు. ముగ్గు పెట్టు చేతికి ఈ కష్టము తెలియును. 1653 లో పుట్టిన ఒక కార్ఖానా మాత్రమే ఆ నాటివానిలో నేటికిని నిలిచి యున్నది. చేతితో వ్రాయు పని అచ్చట చూపుదురు.

మన పిల్లలలో కొందఱు ఆ యూరి సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చదువులకై పోవుచున్నారు. వారిని చూడబోవు తల్లులకు కొన్ని మాటలు. హేగునుండి గాని రాటర్‌డామునుండి గాని రైలులో పావుగంట పని, ఆమ్‌స్టర్‌డామునుండి గంట. 2015 నుండి రైలుదారి ఊరిక్రింద సొరంగమున పోవుచున్నది. చర్చిలు రెండును, సంతమైదానమును, పురమందిరమును కాలినడకనే ఒక పూటలో చూడవచ్చును. ఊరి పాతకోట ద్వారములలో మిగిలిన తూర్పుద్వారమును తప్పక చూడవలెను; కాలువనీటిలో దాని జంటశిఖరముల నీడ మనోహరముగ నుండును. విలియము ప్రభువు నివసించిన ప్రభుమందిరమున 2025 నుండి పునరుద్ధరణపనులు చేపట్టిరి గాన, తెఱచి యున్నదో లేదో ముందుగ విచారించుకొని పోవలెను. వెర్మీర్ చిత్రమొక్కటియు అతని స్వగ్రామమున లేదను మాట కూడ తెలిసికొని పోవలెను. అచ్చట ప్రతిబింబములు మాత్రమే కలవు. నిజచిత్రములు చూడగోరువారు హేగునకు, ఆమ్‌స్టర్‌డామునకు పోవలెను. బాకీలకు పోయినవి ఇంటికి తిరిగి రాలేదు.

సోదరీమణులారా! పాదములకడ కుక్కతో పరుండిన ప్రభువును, సంతలో నిలిచిన పండితుని, పాత చర్చిలోని చిత్రకారుని, శాస్త్రజ్ఞుని చూచునపుడు లూయీజ్ పేరు, మరియా పేరు, కాథరీనా పేరు, లేవెన్‌హుక్ కూతురు మరియా పేరు ఒక్కసారి తలంపుడు. పెట్టెను పడవ దాటించిన ఎల్స్యేను మఱవకుడు. మీ పిల్లలకు కథ చెప్పునపుడు పురుషుని పేరుతోబాటు ఆమె పేరును చెప్పుడు. పండుగనాడు నీలిపూల పళ్లెము తుడుచునపుడు, నల్లగ వ్రాసిన దానిలో నీలమును ముందే కన్న చేతులను తలంచుకొనుడు. మన పనులును అట్టివే. నిప్పులో పడి లేచిన పిదప గాని వాని వన్నె లోకమునకు కానరాదు.